గేరు కాలు, బ్రేకు కాలు

మా అక్క భర్త, మా బావ, పోయిన నెల కన్నుమూశాడు. అక్కావాళ్లుండే తాల్‌బగీచా నుంచి కబురు తెచ్చిన మనిషి గుమ్మంలోనే నిలబడి, "మీ బావగారు ఎల్లిపోనారండి" అన్నాడు. నాకేమో ఎక్కడో దూరంగా మోటారుసైకిలు చప్పుడు వినబడింది. నిజంగా వినబడిందో, నా భ్రమో ఇప్పటికీ తెలియదు.

బావ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నాకు ఉద్యోగం దొరికేదాకా అన్నం పెట్టిన మనిషి. మొదట ఆయనకు యుద్ధకాలం నాటి ఇంగ్లండు బండి ఉండేది. దేశం వదిలిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దగ్గర కొన్నాడు. కిక్కు తిరగబడితే మనిషిని ఎత్తి కుదేసేది. నిలబెట్టిన చోటల్లా నూనె చుక్కలు. కదిలిందంటే మాత్రం, ఆ నింపాది చప్పుడుకు సాయంత్రం పూట వీధి వీధంతా ఊయల్లో ఊగుతున్నట్టుండేది.

తర్వాత పనిలో ఆయన కుడి మోకాలు దెబ్బతింది. ఆ బండికి కిక్కు కుడివైపే. "కాలు కంటే బండెక్కువేటండీ?" అని అక్క పట్టుబట్టి అమ్మించేసింది. కొన్నాళ్లకు చెకోస్లోవాకియా రకం బండి వచ్చింది. తేలికైనది. కిక్కు ఎడమవైపు, ఆ రాడ్డే మడిస్తే గేరు. నీలిపొగ వదులుతూ తుమ్మెదలా పోయేది.

ఇందా పేటలో టీకొట్టు దగ్గర బెంగాలీ స్నేహితులు, "దాదా, కోన్‌టా భాలో?" అని అడిగేవారు, ఏది మంచిదని. బావ గ్లాసు ఊదుకుంటూ, "అది సెప్పినట్టు మనం ఇనాల. ఇది మనం సెప్పినట్టు ఇంటది. రెండూ ఠీక్ హై" అనేవాడు. ఆ గోడమీది పిల్లివాటం నాకు నచ్చేది కాదు. నా ఓటు ఎప్పుడూ ఇంగ్లండుకే.

చిక్కల్లా కాళ్లతో వచ్చింది. పాతబండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్తదానికి అంతా తారుమారు. పూరీ గేట్ దాటి వేగం అందుకోగానే బావ గేరనుకుని కుడికాలు నొక్కేవాడు. బండి గుక్కపట్టి ఆగేది. లోకం కళ్లన్నీ తనమీదే ఉన్నాయని వెనక జానెడు ఎడంగా కూర్చునే మా అక్క, వెళ్లి, కుడిచెంప ఆనేలా, ఆయన వీపుకు అతుక్కుపోయేది.

"మళ్లీ మర్సిపోనారా?"

"పాత అలవాటు. ఏటి సెయ్యమంటావు?"

ఏళ్ల తరబడి ఇదే వరస.

కర్మలయ్యాక అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ బండి నానే అమ్మించేసినానురా. ఆయన మనసు దానిమీదే ఉండిపోనాది. ఆకరిదాకా ఆ కాలు దాన్నే ఎతుక్కుంది" అని ఏడ్చింది. చూడలేకపోయాను. బావ నన్ను దాచమన్న మాట ఇక దాచబుద్ధి కాలేదు, చెప్పేశాను.

ఒకసారి టీకొట్టు దగ్గర ఆయన నాతో అన్నాడు: "కొత్త గేరేటో కాలికి నెల్లాళ్లకే తెలిసిపోనాదిరా బామ్మర్దీ. మీ అక్కకి సెప్పకు. సెప్తే దూరంగా కూకుంటది."

అక్క ఏడుపు ఆపింది. కుడిచెంప మీద అరచెయ్యి ఆనించుకుని, కళ్లు మూసుకుని, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతూ అలాగే కూర్చుండిపోయింది.