డ్రైవరు కావాలన్నాను

మొన్న కాశీబుగ్గ జంక్షన్లో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురుగా ఒక షాపు షట్టరు మీద ‘డ్రైవర్ కావలెను, లాంగ్ రూట్ అలవాటు ఉండవలెను’ అని అంటించిన కాగితం కనబడింది. అందులో నవ్వవలసిందేమీ లేదు గానీ నాకు మాత్రం నవ్వు ఆగలేదు. పక్కనున్నావిడ, ఈ ముసలమ్మకు ఏమైందో అన్నట్టు చూసి రెండడుగులు అవతలికి జరిగింది. ఆవిడకు సంగతి చెప్పాలంటే పాతికేళ్ళు వెనక్కి వెళ్ళాలి, ఈలోగా ఆవిడ బస్సు వచ్చేసింది, కాబట్టి మీకు చెబుతున్నాను.

నేనప్పుడు పలాసలో ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. డ్రిల్లు టీచరనగానే మీరు ఎవరినో నిలువెత్తు మనిషిని ఊహించుకుంటారు. నా ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. పదో తరగతి పిల్లల మధ్య నిలబడితే హెడ్మాస్టరుగారు నన్ను వెతుక్కోవలసి వచ్చేది. పొట్టివాళ్ళకు పుట్టెడు బుద్ధులని మా అత్త నన్ను వెనకేసుకొచ్చేది, తానూ పొట్టిదే గనుక.

మా చర్చికి వచ్చేవారిలో ఓడల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. ఉద్దానంలో సముద్రానికి కాస్త ఇవతల ఆయనకు కొబ్బరి తోటా, దాని పక్కన ఏమీ పండని ఇసుక నేలా ఉన్నాయి. లోకమంతా తిరిగినప్పుడు అంటుకున్న గోల్ఫు పిచ్చి ఆయన్ని ఊరికి వచ్చాకా వదలలేదు. ఆ ఇసుక నేలలో డాల్డా డబ్బాలు పాతి ఏడు గుంతలు ఏర్పాటు చేశారు. గుంతల చుట్టూ పచ్చిక పెంచడం ఆయన తరం కాక, ఇసుక మీద కాలిన ఇంజనాయిలు పోసి రోలరు తిప్పించేవారు. శనివారం సాయంత్రాలు ఒక డాక్టరుగారు, ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని, ఒక రోడ్ల కంట్రాక్టరు అక్కడికి చేరేవారు. ఆటలంటే ప్రాణమిచ్చే కోడలు ఒకతె ఉందని మా మామగారు చెప్పగా, పెద్దాయన నన్నూ రమ్మన్నారు. ఆడవాళ్ళలో నేనొక్కతెనే.

వాళ్ళు నన్ను ఎంత మర్యాదగా చూశారంటే ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండేది. మొదటి గుంతకు ఒక మట్టి దిబ్బ మీద నుంచి కొట్టాలి, మధ్యలో గెడ్డ పారుతూ ఉంటుంది. బంతి ఆ నీళ్ళు దాటి పడాలంటే నూరు గజాల పైమాటే. నా దెబ్బ అంత దూరం పోదని తెలిసి, పెద్దాయన గెడ్డకు అవతలి ఒడ్డున నా కోసం ఒక రాయికి సున్నం కొట్టించి పెట్టారు. “మేడమ్, మీరు అటునుంచి కొట్టండి” అని నలుగురూ ఎంతో గౌరవంగా అనేవారు, నేను తాటిదుంగ మీదుగా గెడ్డ దాటి ఒంటరిగా వెళ్ళి సున్నపు రాయి దగ్గర నిలబడేదాన్ని. దిబ్బ మీద వాళ్ళ వేళాకోళాలూ నవ్వులూ నాకు వినబడేవి గానీ, అందులో నేను ఉండేదాన్ని కాదు. నాకు గెలవాలని లేదు, ఆ దిబ్బ మీద వాళ్ళతో కలిసి నిలబడాలని ఉండేది.

పొడవైన దెబ్బకు వాడే కర్రను డ్రైవరంటారని, అది ఎవరికి వారు చూసి ఎంచుకోవాలని పెద్దాయన ఒకనాడు చెప్పారు. ఇంటికి వచ్చిన ఊపులో మా ఆయనతో, “బావా, నాకో మంచి డ్రైవరు కావాలి, బాగా దూరం పోవాలి, నా పొట్టితనానికి సరిపడాలి” అన్నాను. ఆయనకు లారీల విడిభాగాల కొట్టు. సరేనని తలూపారు. ఆ ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చేసరికి మా అరుగు మీద నాకంటే రెండంగుళాలు పొట్టి మనిషి ఒకడు, తలకు నూనె రాసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“దూరం పోవాలన్నావు గదా, రాయపూరు దాకా ఒక్క ఊపులో ఎల్లిపోతాడు. నీకు తగ్గట్టు పొట్టోడినే సూసాను” అన్నారు మా ఆయన గర్వంగా.

స్కూలు పిల్లల్ని ఆటల పోటీలకు తీసుకెళ్ళడానికి జీపు గానీ కొంటున్నానేమోనని ఆయన అనుకున్నారట. గోల్ఫు కర్ర సంగతి చెప్పేసరికి ఆ డ్రైవరే అందరికంటే ముందు నవ్వాడు. మా అత్త అతన్ని భోజనం పెట్టి గానీ పంపలేదు. “కర్రకి డ్రైవరని పేరేటమ్మా, మరి డ్రైవరునేటంతారు?” అని వెళ్తూ వెళ్తూ కూడా అడిగాడు.

తరవాత పెద్దాయన విశాఖపట్నంలోని స్నేహితుడి దగ్గర నుంచి మూడు పాత డ్రైవర్లు తెప్పించి, తన వరండాలో గోడకు ఆనించి నన్ను ఎంచుకోమన్నారు. నేను ఆలోచించనైనా లేదు. పొట్టిదానికి దూరం కావాలంటే పొడుగు కర్రే కావాలి గదా అని అన్నిటికన్నా పొడుగుది తీసుకున్నాను. డాక్టరుగారు కూడా భేష్ అన్నారు. ఆ భేష్‌తో మూడు నెలలు పోయాయి. బంతి ఒకసారి కుడిపక్క సరుగుడు తోపులోకి, ఒకసారి ఎడమపక్క మేకల మందలోకి, మిగిలిన అన్నిసార్లూ గెడ్డలోకి పోయింది. సున్నపు రాయి దగ్గరికి పోక తప్పలేదు. ఒక శనివారం తాటిదుంగ మీద నడుస్తూ ఏడ్చాను కూడా, ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

వేసవి సెలవుల్లో జీడిపళ్ళు కోతకొచ్చాయి. నేను మా తోటలో ఒక మూల కర్ర ఊపుతూ ఉంటే, దోటీతో పళ్ళు కోస్తున్న మా అత్త చాలాసేపు చూసి దగ్గరికొచ్చింది.

“నువ్వు కర్రని తిప్పుతన్నావా, కర్ర నిన్ను తిప్పుతందా? సెయ్యి సాపి ఒంటిసేత్తో ఎత్తి సూడు. మొన వొణికితే ఆ కర్ర నీది కాదు” అంది.

మా వైపు ఆడవాళ్ళు దోటీ ఎంచుకునే పద్ధతే అది. చేయి చాపి ఎత్తినప్పుడు కొస వణకని దోటీనే తీసుకుంటారు, అందని కొమ్మకు రెండడుగులు ముందుకు జరుగుతారు. నేను డ్రైవరు ఎత్తి చూశాను. దాని కొస చలిజ్వరం వచ్చినట్టు వణికింది. డ్రిల్లు టీచరునై ఉండి ఈపాటి సంగతి అత్త చేత చెప్పించుకున్నందుకు సిగ్గేసింది.

మర్నాడే పెద్దాయన వరండాకు వెళ్ళి మిగిలిన రెండూ ఎత్తి చూశాను. ఒకటి వణికింది. రెండోది, ఎవరూ ముట్టుకోనిది, అన్నిటికన్నా పొట్టిదీ తేలికదీ, బంతికి తగిలే ముఖం కాస్త ఆకాశం వైపు వాలినదీ, నా చేతిలో కదలకుండా నిలిచింది. పెద్దాయన నా వైపు వింతగా చూశారు. ఆ కర్రతో నెలన్నరపాటు రోజూ సాధన చేశాక తెలిసింది, దూరం కర్ర పొడవులో లేదని, బంతి కర్ర ముఖానికి నడిమధ్యన తగలడంలో ఉందని.

స్కూళ్ళు తెరిచిన తరవాత వచ్చిన మొదటి శనివారం, “మేడమ్, మీరు అటునుంచి” అని ఎవరో అంటుండగానే దిబ్బ మీద బంతి పెట్టి కొట్టాను. అది నింపాదిగా పైకి లేచి, గెడ్డ దాటి, అవతలి ఇసుకలో పడింది. దాటింది రెండు గజాలే అయినా దాటింది. పెద్దాయన, “ఓసి పొట్టిదానా! ఎంత పని సేసావే!” అని కేకేశారు. అంతే, ఆనాటితో మేడమ్ పోయింది. కంట్రాక్టరు నాకోసం స్టూలు తెస్తానన్నాడు, ఫ్యాక్టరీ యజమాని నన్ను జీడిపిక్క అన్నాడు, నేనూ వాళ్ళ బట్టతలల మీదా బొజ్జల మీదా వడ్డీతో తీర్చాను. ఆ పొట్టిదానా అన్న మాట విని నేను పొందిన సంతోషం, తరవాత నాకు కప్పిన ఏ శాలువాలోనూ లేదు.

ఇప్పుడా నేల రొయ్యల చెరువులైపోయింది. గెడ్డ ఏ వైపు పారేదో చూపించమంటే చూపించలేను. పెద్దాయన పోయారు, డాక్టరుగారు పోయారు, మిగతా ఇద్దరూ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు, కర్ర ఎంచుకోవడం నేర్పిన మా అత్తా పోయింది. రిటైరయ్యాక నేను ఇంకో అంగుళం తగ్గినట్టున్నాను. కానీ ఆ మాట నా ముఖం మీద అనే చనువున్నవాళ్ళు ఎవరూ లేరు. బజారులో ఎదురైన పాత విద్యార్థులు, బ్యాంకులో కుర్రాళ్ళు, బస్సులో కండక్టరు, అందరూ పక్కకు తప్పుకుని దారిచ్చి, ఎంతో గౌరవంగా, మేడమ్ గారూ అంటారు.