కనవడ్తుంది

కరీంనగర్‌లో నేను మత్తుడాక్టరుగా చేరిన ఆసుపత్రిలో మా పెద్దసారుది ఒకటే మాట. రోగి శ్వాసనాళంలోకి ట్యూబు వేసేటప్పుడు వంగి, ఒక కన్ను మూసి, "కనవడ్తుంది" అనేవారు. ఏం కనబడుతోందో ఆయనకే తెలియాలి. వెనక నిలబడ్డ మాకు కనబడేది ఆయన బట్టతల ఒక్కటే. గొంతు లోపలంతా తెరమీద చూపించే కెమెరా పరికరం వచ్చినా, దానిమీద తువ్వాల కప్పి మూలన పెట్టించారు. అడిగితే, "టీవీ ఇంట్ల చూస్కో బిడ్డా" అనేవారు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు బెల్లంపల్లి నుంచి మెడ వంగని రిటైర్డ్ గని కార్మికుడు ఆపరేషన్‌కు వచ్చాడు. సార్ రెండుసార్లు "కనవడ్తుంది" అన్నారు. రెండుసార్లూ ట్యూబు పొట్టవైపే పోయింది. మాస్కుతో గాలి అందిస్తున్నా ఆక్సిజన్ పడిపోతోంది. నేను తువ్వాల లాగిపారేసి కెమెరా ఆయన చేతిలో పెట్టాను. దాన్ని రోగి నోట్లోకి దించగానే తెరమీద, శ్వాసనాళం వాకిట్లో స్వరతంత్రులు తెల్లగా మెరుస్తున్నాయి. ఆయనేమో అలవాటుకొద్దీ ఇంకా నోట్లోకే తొంగి చూస్తున్నారు!

"సార్, తలెత్తి తెర చూడండి!" అని అరిచాను.

చూశారు. ట్యూబు సాఫీగా దిగింది.

తర్వాత చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నారు: "ఇన్నేండ్లల్ల నాకు గూడ అన్నిసార్లు కనవడలే, బిడ్డా."