చాంబర్‌లో మా అమ్మ ఉపన్యాసం

ఎవరు ఏది వచ్చా అని అడిగినా వచ్చనే చెప్పేసే వయసు ఒకటుంటుంది. నాకు అది ఇరవై రెండేళ్లప్పుడు వచ్చింది. జంషెడ్‌పూర్‌లో చిన్న కార్ఖానాల వాళ్లంతా కలిసి నడుపుకునే ఒక చాంబర్‌లో మొదటి ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ, భాషల గడిలో హిందీ, ఇంగ్లీషు రాశాక ఇంకా చోటు మిగిలిందని తెలుగు కూడా రాసి, పక్కన 'చదవడం, రాయడం వచ్చు' అని టిక్కు పెట్టాను. (మాట్లాడటం వచ్చు. అంటే, అమ్మ తెలుగులో తిడితే నేను హిందీలో జవాబు చెప్పేదాన్ని. అక్షరాలంటారా, నా పేరులో ఉన్న నాలుగూ గుర్తుపట్టేదాన్ని, అవీ విడివిడిగా రాస్తేనే.)

ఆరు నెలలు హాయిగా గడిచాయి. అప్పుడు విశాఖపట్నం నుంచి చేపల బోట్లకు యంత్రాలు తయారుచేసే ఒక పెద్దాయన, తనకు కావలసిన గేర్లూ షాఫ్టులూ మా ఊళ్లో చేయించుకోవచ్చేమో చూద్దామని వచ్చారు. ఆ ఏడాది మావాళ్ల వర్క్‌షాపుల్లో సగం లేత్ మిషన్లు ఆర్డర్లు లేక ఖాళీగా ఉన్నాయి, అందుకని హాలు నిండిపోయింది. పెద్దాయనకు హిందీ రాదు. తెలుగు చదవగలిగే అమ్మాయి ఉందని మా సెక్రెటరీగారు ముందే ఫోన్‌లో చెప్పారట. రైల్లో ఏసీ పడక గొంతు పూర్తిగా పోతే, ఊగే బోగీలోనే రాసుకొచ్చిన రెండు కాగితాలు నా చేతిలో పెట్టి, "నా మాటలన్నీ ఇందులో రాసీసినాను తల్లీ, నువ్వు ఇందీలో సెప్పీ" అని గుసగుసగా అన్నారు. సెక్రెటరీగారు నావైపు గర్వంగా చూసి, "ఇసీలియే తో ఇస్‌కో రఖా హై" అన్నారు (ఇందుకే కదా ఈమెను పెట్టుకున్నాం అని).

హాలుకు దూరంగా, వరండా చివరున్న మంచినీళ్ల ఫిల్టరు చాటుకు పరుగెత్తి, రెండు పేజీలూ ఫొటో తీసి సిద్ధగోరాలో ఇంట్లో ఉన్న అమ్మకు పంపి, చదివి వాయిస్ మెసేజ్ పెట్టమన్నాను. మొదటి పేజీ వచ్చింది, విని బట్టీ పట్టాను. రెండోది వచ్చేసరికి నన్ను వేదిక మీదికి పిలిచేశారు. మొదటి పేజీ హిందీలో బ్రహ్మాండంగా చెప్పాను, చప్పట్లు కూడా పడ్డాయి. ఆ ఊపులో కాగితం తిప్పి, దాని చాటున ఫోను చెవి దగ్గరికి తెచ్చుకుని రెండో మెసేజ్ నొక్కాను. పొద్దున స్వాగత సంగీతం కోసం నా ఫోన్నే హాలు స్పీకర్లకు బ్లూటూత్‌తో కలిపానని, హాల్లోకి రాగానే అది దానంతటదే మళ్లీ కలిసిపోయిందని అప్పుడు తెలిసొచ్చింది.

"ఏటే, ఈయన రాత కోడి గెలికినట్టుంది!" అంటూ నాలుగు మూలల నుంచీ అమ్మ గొంతు మోగింది. "ఈ రెండో కాగితంలో ఒక్క ముక్కా అర్థమయ్యి సావట్లేదు. అయినా నీకు తెలుగు సదవడం రాదని ఆ సెక్రెటరీకి సెప్పకుండా ఇంకెన్నాళ్లు దాత్తావే?"

ఊళ్లోనే ఉన్న బర్మామైన్స్ బస్తీ నుంచి వచ్చి వెనక వరసలో కూర్చున్న తెలుగు కాంట్రాక్టర్లు గొల్లుమన్నారు. ఏమంటోందని సెక్రెటరీగారు అడిగితే, "కుఛ్ నహీ సర్, మమ్మీ హై" అన్నాను (ఏమీ లేదు, మా అమ్మ అని), అదేదో సమాధానమైనట్టు. పెద్దాయన మొహం ఎర్రబడింది, భుజాలు కదులుతున్నాయి. ఆర్డర్లూ పోయాయి, నా ఉద్యోగమూ పోయింది, ఈయనకు దగ్గు కూడా పట్టుకుంది అనుకున్నాను. తీరా చూస్తే ఆయన నవ్వుతున్నారు.

"మా యావిడా ఇదే మాటంటది" అన్నారు, లేని గొంతు తెచ్చుకుని. "మీ అమ్మకి ఫోన్ కలుపు తల్లీ. ఆవిడ సదివితే నాకూ ఇనాలనుంది."

అలా మా అమ్మ, వెనకాల కుక్కర్ కూతలతో సహా, చాంబర్ సభలో మాట్లాడింది. ఆవిడ ఒక్కో వాక్యం చదవడం, నేను హిందీలో చెప్పడం, అర్థం కాని చోట పెద్దాయన నా చెవిలో అందించడం. "సరుకు టయానికి రావాలంటన్నారు. నిజమే మరి, సముద్రంలో బోటు ఆగిపోతే ఆ మనుషులు ఏటైపోతారు?" అని అమ్మ సొంతంగా కలిపితే, అది కూడా ఆయన మాటే అనుకుని అనువాదం చేసేశాను. ఒక వర్క్‌షాపు ఆయన లేచి, "మాతాజీ, నమూనా కబ్ తక్ చాహియే?" అని, నమూనా ఎప్పటికి కావాలో స్పీకర్‌నే అడిగాడు. అమ్మ తడుముకోకుండా, "జల్దీ నహీ భాయీసాబ్, అచ్ఛా బనాయియే" అంది (తొందరేం లేదు, బాగా చేయండి అని). అది నేను తెలుగులో చెప్పగానే పెద్దాయన అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఆయన వర్క్‌షాపులన్నీ తిరిగి, మూడింటికి నమూనాలు చేయమని ఇచ్చి వెళ్లారు. అందులో రెండు ఇప్పటికీ ఆయనకు గేర్లు పంపుతున్నాయి. సెక్రెటరీగారు నన్ను గదిలోకి పిలిచి, నా దరఖాస్తు ముందు పెట్టుకుని, "ఔర్ క్యా క్యా నహీ ఆతా?" అన్నారు (ఇంకా ఏమేం రావు అని). "టైపింగ్ కొంచెం నెమ్మది సర్" అన్నాను నిజాయితీగా. ఆయన తల పట్టుకుని నవ్వేశారు. ఉద్యోగం నిలబడింది.

ఆ ఎండాకాలమంతా అమ్మ పక్కన కూర్చుని తెలుగు చదవడం నేర్చుకున్నాను. నా వాచకం ఆ రెండు కాగితాలే. చివరికి వచ్చాక, ఆ రోజు అమ్మ చదవకుండా దాటేసిన వాక్యం ఒకటి కూడబలుక్కుని చదివాను: 'ఇంత దూరంలో తెలుగు చక్కగా చదివే అమ్మాయిని నాకు తోడిచ్చినందుకు చాంబర్ వారికి కృతజ్ఞతలు.'

"ఇదెందుకు చదవలేదమ్మా?"

"అంతమంది ముందర ఎలా సదవమంటావే? నీ మొకం ఏటైపోను?"

అది రాసిన పెద్దాయన ఆ రోజు నా పక్కనే కూర్చుని, ఆ మాట రాలేదని తెలిసీ ఊరుకున్నారన్నమాట. ఇప్పుడు చాంబర్‌కు వచ్చే తెలుగు ఉత్తరాలన్నీ నేనే చదువుతాను, తప్పుల్లేకుండా. కానీ ఏమీ రాకుండానే అంత ధీమాగా వేదికెక్కడం మాత్రం నాకు మళ్లీ చేతకాలేదు.