ఎనిమిదో పాట చివర

మా తమ్ముడి పాటలు వింటే నిద్రొస్తుంది. ఎగతాళికి అనడం లేదు, విన్నవాళ్ళే రాసి మరీ పంపుతున్నారు. కొత్త ఆల్బమ్ బయటికొచ్చి ఆరు వారాలైంది. ఎనిమిది పాటలు, ఒక గిటారు, ఒక గొంతు, అంతే. ఆ గొంతు కూడా పక్కగదిలో ఎవరో పడుకున్నారు, లేపకూడదు అన్నట్టు ఉంటుంది. మా వీధిలో పళ్ళ డాక్టరు తన దగ్గరికి వచ్చేవాళ్ళకు ఇవే వినిపిస్తున్నాడు. మత్తు ఇంజెక్షన్ సగానికి సగం ఆదా అవుతోందని నాతో అన్నాడు. పక్కింటి చంటిపిల్ల మూడో పాట దాటాక మెలకువగా ఉన్న రోజే లేదట. ఎవరో ఒకాయన మాత్రం, ఇంత నీరసంగా పాడతారేంటి, అన్నం తిన్లేదా అని రాశాడు.

అన్నిటికీ మా వాడి జవాబు ఒకటే. "సరే." పొగిడినా సరే, తిట్టినా సరే. నేను ఫోన్ పట్టుకుని ఒక్కొక్కటీ చదివి వినిపిస్తాను, వాడు గోడవైపు చూస్తూ సరే అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు మండడం కూడా మానేసింది.

వాడి పని కళ్ళద్దాల షాపులో. అద్దాలను కొలత ప్రకారం అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. పదిహేడేళ్ళుగా అదే షాపు, అదే వెనక గది, అదే కుంటి స్టూలు. సాయంత్రం ఇంటికొచ్చి వేళ్ళకంటిన పొడి కడుక్కుని గిటారు తీసేవాడు. నేను ఎన్నిసార్లు ఏడిపించినా కోపం తెచ్చుకునేవాడు కాదు. కోపమంతా తిండి దగ్గరే. పప్పులో ఉప్పు తగ్గితే ఇల్లు పీకి పందిరేసేవాడు. మా మరదలు, అంటే వాడి భార్య, నవ్వుతూ ఉప్పు డబ్బా తెచ్చి వాడి ముందు ఠప్పున పెట్టేది.

ఆమె పోయి ఏడు నెలలైంది. ఆ రోజు వాడు ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. నాలుగో రోజు పనికి వెళ్ళిపోయాడు. ఒక్క అద్దం కూడా పగలగొట్టలేదని షాపు ఓనరు నా దగ్గర మెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఏది పెడితే అది తింటున్నాడు. ఒకసారి కూరలో ఉప్పు వెయ్యడమే మర్చిపోయాను. గిన్నె ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది.

ఇక నా సంగతి. బస్సుల్లో, లిఫ్టుల్లో వినపడే ప్రకటనలు తయారుచేసే చిన్న స్టూడియోలో పని నాది. తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి దూరంగా నిలబడండి, ఇలాంటివి. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రికార్డింగ్ మొదలవగానే ముందు నంబరు చెప్పాలి. "ఆరోది, రెండోసారి." లేకపోతే ఏది ఏదో తెలియక తల పట్టుకోవాలి. తర్వాత కూర్చుని ఆ నంబర్లు, దగ్గులు, కుర్చీ చప్పుళ్ళు అన్నీ కత్తిరించెయ్యాలి. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తున్నాను. నిద్రలో లేపినా కత్తిరించగలను.

ఈ పాటలన్నీ మా మరదలు జబ్బుతో ఉన్నప్పుడే ఇంట్లో రికార్డు చేశారు. వాడు మంచం పక్కన కూర్చుని పాడేవాడు, ఆమె కంప్యూటర్ మీద ఎర్ర బటన్ నొక్కేది. నంబరు చెప్పడం ఆమెకు నేర్పింది నేనే. చెప్పకపోతే నాకు పంపొద్దు అని గట్టిగా అన్నాను కూడా. సరే వదినా, నీ ఆజ్ఞ అంది. తర్వాత వాళ్ళమ్మకు ఫోన్ చేసి, అమ్మా, ప్రతి పాట మొదట్లోనూ నా గొంతు వస్తుంది, చూస్తూ ఉండు అని చెప్పిందట. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు.

ఆమె పోయిన నెలకు వాడు ఫైళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు. శుభ్రం చెయ్యక్కా, బయట పెట్టేద్దాం అన్నాడు. నేను శుభ్రం చేశాను. ఏం వింటున్నానో వినకుండానే చేశాను. తెర మీద పాటకు ముందు నంబరు చెప్పినచోట, చివర చప్పుళ్ళున్నచోట చిన్న గీతలు కనపడతాయి, పట్టుకుని కోసెయ్యడమే. కోసి, అలవాటు ప్రకారం పాతదాని మీదే సేవ్ చేశాను. స్టూడియో కంప్యూటర్లో చోటు చాలదు, పాతవి ఉంచుకోం. వాడి దగ్గర వేరే కాపీ కూడా లేదు.

ఆల్బమ్ వచ్చిన వారానికి వాడి అత్తగారు కొత్త స్పీకర్ కొనుక్కుంది. ప్రతి పాట మొదలూ పెట్టి చూసి, మర్నాడే బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. నేను వంటగదిలో ఉన్నాను. ఆవిడ కూర్చోలేదు.

"మా అమ్మాయి తన గొంతు ఉంటుందంది. ఏది?"

"తీసేశాం అత్తయ్యా" అన్నాడు వాడు, బస్సు వెళ్ళిపోయింది అన్నంత మామూలుగా.

ఆవిడ గుమ్మం వైపు తిరిగింది. "నువ్వు ఏడవకపోతే మగవాడు కదా, లోపల దాచుకున్నాడనుకున్నాను. లోపల ఏమీ లేదన్నమాట" అని వెళ్ళిపోయింది.

అక్క చేసింది అని వాడు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, అలా ఇరవై రోజులు నోరు మూసుకున్నాను. ఆవిడ వాడి ఫోన్ ఎత్తడం మానేసింది. ప్రతి ఆదివారం వాడు చేస్తాడు, మోగి మోగి ఆగిపోతుంది, సరే అని ఫోన్ పక్కన పెడతాడు. భార్య వైపునుంచి వాడికి మిగిలింది ఆవిడ ఒక్కతే. స్టూడియోలో కంప్యూటర్ అంతా గాలించాను. పాత ఫైలు ఒక్కటీ దొరకలేదు.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం, వినేవాళ్ళు రాసినవి చూస్తుంటే ఒకటి కనపడింది. రాసింది ఒక కుట్టుపని షెడ్డులో సూపర్‌వైజరమ్మ. "మేం పద్నాలుగు మందిమి. మిషన్ల మీద కూర్చుని పొద్దున్న పదకొండున్నరకు మీ పాటలు పెట్టుకుంటాం. ఎనిమిదో పాట అయ్యాక చివర్లో అన్నానికి పిలిచేది మీ ఆవిడేనా? ఆ పిలుపు వినగానే మిషన్లు ఆపి డబ్బాలు విప్పుతున్నాం. మాకు వేరే బెల్లు అక్కర్లేదు. ఆవిడకు మా నమస్కారం చెప్పండి."

ఎనిమిదో పాట పెట్టాను. పాట అయిపోయింది. తర్వాత పావు నిమిషం ఏమీ లేదు. ఆ తర్వాత ఆమె.

అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదో పాట శుభ్రం చేస్తూ నేను కుర్చీలోనే నిద్రపోయాను. ముందు భాగం కోశాను, చివరిదాకా వెళ్ళనే లేదు. ఊరంతా మా వాడి పాటకు నిద్రపోయింది, నేనూ పోయాను. మెలకువగా విన్నది ఆ పద్నాలుగు మందే.

తిన్నగా ఆవిడ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేశాను, కోసింది నేను, వాడు కాదు అని. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఇరవై రోజులు ఎందుకు ఆగావమ్మా అని అడిగింది. ఆమె గొంతు ఒకచోట మిగిలింది, రండి అన్నాను. ఆవిడ కుక్కర్లో వండుకున్న అన్నం, కూర అలాగే డబ్బాలో సర్దుకుని, స్పీకర్ సంచిలో పెట్టుకుని నా వెంట వచ్చింది.

ఆ రోజు షాపు సెలవు. వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడను చూసి లేచి కుర్చీ వేశాడు. నేను ఏమీ చెప్పకుండా ఎనిమిదో పాట పెట్టాను. నాలుగున్నర నిమిషాలు ముగ్గురం నేల చూస్తూ కూర్చున్నాం. తన గొంతు వింటున్నా వాడి ముఖంలో మార్పేమీ లేదు. పాట ఆగింది. నేను ఆపేస్తానేమోనని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"అయిపోయిందిగా. లెండి, అన్నం చల్లారిపోతోంది."

అంతే. తర్వాత టక్కుమని బటన్ చప్పుడు.

ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు లేచాడు. వంటగదిలోకి వెళ్ళి, చేతులు కడుక్కుని, కంచం పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరో పిలిస్తే వచ్చినవాడిలా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఆవిడే ముక్కు చీదుకుని వెళ్ళి, తాను తెచ్చిన డబ్బా విప్పి వడ్డించింది.

వాడు రెండు ముద్దలు తిన్నాడు. మూడోది కలిపి ఆగాడు. కళ్ళనుంచి నీళ్ళు కారి కంచంలో పడుతున్నాయి, తుడుచుకోలేదు.

"కూరలో ఉప్పు తగ్గింది అత్తయ్యా" అన్నాడు.

ఆవిడ లేచి, ఉప్పు డబ్బా తెచ్చి వాడి ముందు ఠప్పున పెట్టింది.