పిల్లి కోసం లస్మవ్వ ఇల్లు సర్దిన వైనం

పిల్లిని ఇవ్వాలంటే ముందు ఇల్లు చూడాలని రమామణమ్మ కబురు పంపింది. అది విన్న లస్మవ్వకు చేతిలోని చెంబు చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరిల్లు?" అని అడిగింది, తనకు సరిగా వినబడలేదేమోనని.

"నీ ఇల్లే. ఐతారం పొద్దుగాల వస్తదట. సార్ గూడ ఎంబడి వస్తడట" అంది మల్లక్క.

మల్లక్కది పక్క క్వార్టరు. రెండు ఇళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడ కూడా పైకప్పు పెంకుల దాకా లేదు, మనిషి నిలువుకు మూరెడు ఎత్తున ఆగిపోయింది. ఇక్కడ తుమ్మితే అక్కడ చిరంజీవ అనేవాళ్లు. మల్లక్క బుగ్గన వేలేసుకుంది. "పిల్లనిచ్చేటప్పుడు ఇల్లు సూసుడు ఎరుకే గని, పిల్లినిచ్చేటందుకు సూసుడేందే అవ్వా! నా జిందగీల ఇనలే."

లస్మవ్వ మాత్రం నవ్వలేదు. ఆమె చెవిలో పడింది ఒక్కటే మాట. సార్ వస్తడట.

గోదావరిఖనిలో బొగ్గుబాయి పనివాళ్ల ఆ క్వార్టర్ల వరుసకు ఎవరైనా ఇల్లు చూడటానికి వస్తున్నారంటే ఒకటే అర్థం. చెకింగు. ఆఫీసు మనిషి పుస్తకం చంకన పెట్టుకుని వస్తాడు. కాగితంలో ఉన్నవాళ్లు కాక ఇంట్లో ఇంకెవరున్నారు, కోళ్లున్నాయా, మేక ఉందా, ఎనక రేకుల కొట్టం ఎవరు వేసుకొమ్మన్నారు, అన్నీ రాసుకుని పోతాడు. రాసుకున్న పదిహేను రోజులకు క్వార్టరు ఖాళీ చేయమని నోటీసు వచ్చిన ఇళ్లు ఆ వరుసలోనే రెండున్నాయి. రమామణమ్మ పెనిమిటి వామనరావు ఆ పుస్తకం పట్టే గుమాస్తానే. మంథని మనిషి, మాట మెత్తన, రాత మాత్రం గట్టి.

ఆగయ్య క్వార్టరు కాగితంలో రెండే పేర్లున్నాయి. ఆగయ్య, బాయిలో బొగ్గు నింపే పని. లస్మవ్వ, అతని భార్య. ఒక్కగానొక్క కూతురిని పెళ్లి చేసి అప్పటికే కమాన్‌పూర్‌లో ఇచ్చేశారు. ఇంట్లో ఉండీ కాగితంలో లేని మనిషి పోశవ్వ. ఆగయ్య తల్లి. ఊళ్లో ఇల్లు కూలిపోతే రెండేళ్ల కిందట కొడుకే వెళ్లి తెచ్చుకున్నాడు. కళ్లు మసకలు. గోడ పట్టుకుని నడుస్తుంది, చేతికర్రతో నేల తడుముకుంటుంది, పొద్దంతా నులక మంచం మీద కూర్చుని ఎవరూ అడగని ఊరి ముచ్చట్లు చెప్పుకుంటుంది.

అసలు పిల్లి కావాల్సింది ఆమె కోసమే. ఆ వానాకాలం ఒకనాడు లస్మవ్వ పొద్దున్నే ఊడుస్తుంటే మంచం కింద నెత్తురు కనిపించింది. పందికొక్కు ముసలమ్మ బొటనవేలు కొరికింది. ఆమె నోరు తెరిచి చెప్పలేదు, దవాఖానకు తీసుకుపోతే కట్టు కట్టించుకుంది. అప్పటినుంచి మంచం మీద నడుం వాల్చడం మానేసింది. కూర్చునే కునుకు తీస్తుంది, కర్రతో నేల మీద టక్కు టక్కున కొడుతుంది. బోను పెట్టారు, మందు పెట్టారు. కోడి చచ్చింది గాని పందికొక్కు చావలేదు.

"నన్ను ఊళ్లె దించిరా బిడ్డా" అంది కోడలితో. "గోడలు కూలితే కూలినయ్. ఆడ నన్ను కొరికేటివైతే లేవు."

గట్టిగా ఒక వాన కొడితే ఆ మొండిగోడల నడుమ ముసలిది ఏమవుతుందో లస్మవ్వకు తెలుసు. సరిగ్గా అప్పుడే రమామణమ్మ పిల్లి సంగతి తెలిసింది. రైలు సైడింగులో బొగ్గు వ్యాగను అడుగున దొరికిన పిల్లి అది. నల్లపిల్లి అనుకుని కడిగితే తెల్లదని తేలిందట. ఏడాదిగా సాకింది. ఇప్పుడు వామనరావుకు దూరపు ఊరికి బదిలీ అయింది, రైల్లో అంత దూరం తీసుకుపోలేక మంచి ఇల్లు చూసి ఇచ్చేద్దామనుకుంటున్నది.

ఆగయ్య మొదట ఒప్పుకోలేదు. "బాయిలకు దిగేటోని ఇంట్ల పిల్లేందే? డ్యూటీకి ఎల్లంగ ఎదురైతే?"

"ఎదురైతే జెరసేపు కూసోని, మంచినీళ్లు తాగి పో. మీ అవ్వ కాలి కంటె ఎక్కువనా నీ శకునం?"

ఆగయ్య సరేనని తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

ఇక చూడాలి లస్మవ్వ తయారీ. సైడింగులో బొగ్గులోంచి రాళ్లు ఏరే పని ఆమెది. శుక్రవారం, శనివారం ఆ పనికి నాగా పెట్టింది. పందికొక్కుల బొక్కలన్నిటిలో బొగ్గు చూర కుక్కి, మట్టి మెత్తి, పైన సున్నం పూసింది. ఎక్కడ బొక్క ఉండేదో తనకే తెలియనంతగా పూసింది. కోళ్లను గంప కింద మూసి మల్లక్క ఇంట్లో పెట్టింది. మేకను సైడింగు అవతల కొమురెల్లి దొడ్లో కట్టేయించింది. రేకుల కొట్టం విప్పించింది. గడపకు ఎర్రటి జాజు పూసింది, ముగ్గు వేసింది. ఆ తర్వాత నడింట్లో నిలబడి ఆఫీసు మనిషి కళ్లతో నలుదిక్కులా చూసుకుంది.

నులక మంచం కనిపించింది. మడత బొంత, తంబాకు డబ్బీ, కర్ర కనిపించాయి. ఒక్కొక్కటీ మోసి మల్లక్క ఇంట్లో వేసింది. చివరికి ఆ మంచం మీద కూర్చునే మనిషి మిగిలింది.

"అత్తా, ఒక్క గంట మల్లక్కోళ్లింట్ల కూసో. సార్ పోయినంక తోలుకొస్త. దగ్గకు."

"దగ్గొస్తే?"

"కొంగు అడ్డం పెట్టుకో."

పోశవ్వ కోడలి చెయ్యి పట్టుకుని పక్కింట్లోకి పోయి, తన మంచం మీదే కూర్చుంది. ఆ పూట లస్మవ్వకు అందులో తప్పేం కనిపించలేదు. కడుపు నింపే క్వార్టరును కాపాడుకోవడంలో తప్పేముంటుంది? దగ్గకు అన్న ఆ ఒక్క మాటకు తన నోటిని తానే ఎన్నేళ్లు తిట్టుకోవాల్సి వస్తుందో ఆమెకు అప్పుడు తెలియదు.

ఆదివారం ఎనిమిది గంటలకు రమామణమ్మ వచ్చింది. వెనక వామనరావు. లస్మవ్వ అతన్నే చూసింది. అతని చంకన పుస్తకం లేదని గాని, రెండు చేతులా మూతకట్టిన వెదురుగంప మోస్తున్నాడని గాని ఆమె కంటికి ఆనలేదు. ఆగయ్య తువ్వాల తీసి చేత్తో పట్టుకుని గోడవారన నిలబడ్డాడు.

రమామణమ్మ ఇల్లంతా తిరిగింది. పొయ్యి చూసింది, ఎనక తలుపు గడియ చూసింది, వాకిట్లో కుక్కలు తిరుగుతాయా అని అడిగింది. తర్వాత పీట మీద కూర్చుంది.

"ఇల్లు అద్దంలెక్క పెట్టుకున్నవమ్మా. ఎలుకలున్నయా?"

"ఒక్కటంటె ఒక్కటి లేదమ్మా!" అంది లస్మవ్వ గర్వంగా.

"కోళ్లు?"

"లేవమ్మా. మేకలు గూడ లేవు."

"మరి పగటిపూట ఇంట్ల ఎవరుంటరు?"

ఇదే అసలు ప్రశ్న అనుకుంది లస్మవ్వ. గొంతు సవరించుకుని, వామనరావుకు వినబడేలా, గట్టిగా, రెండ్రోజులుగా మనసులో వల్లించుకున్న మాట చెప్పింది. "ఎవ్వరుండరమ్మా. మేమిద్దరమే. ఆయన షిఫ్టుకు పోతడు, నేను సైడింగుకు పోత. తాళమేసి పోతం. మాకు ముందెనక ఎవ్వరు లేరు."

రమామణమ్మ ఒక్కో వేలూ మడిచి లెక్కపెట్టింది.

"ఎలుకల్లేవు. మనుషుల్లేరు. ఇంటికి తాళం. మరి నీకు పిల్లి ఎందుకు లస్మవ్వా?"

చెకింగులో నూటికి నూరు మార్కులు రావాల్సిన జవాబులు. ఒక్కటీ పనికిరాలేదు. ఏం జరిగిందో అర్థం కాక లస్మవ్వ పెనిమిటి వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

"ఏమనుకోకమ్మా" అంటూ లేచింది రమామణమ్మ. "దీనితోనే దొరికిన ఇంకో కూనను ఒకరింట్ల ఇచ్చిన. తాళమేసి ఊరికి పోయిన్రు. మేం తెలుసుకొని తలుపు తీయించేసరికి అరిసి అరిసి సచ్చిపోయింది. గందుకే ఇల్లు సూడంది ఇయ్యనని ఒట్టు పెట్టుకున్న. నీ ఇల్లు మంచిగుంది. కని తాళమేసే ఇంట్ల ఇయ్యలేను." పెనిమిటితో "పదండి" అంది.

గంప లోపల పిల్లి సన్నగా కూసింది. ఇద్దరూ గడప దాటబోతుండగా వాకిట్లో గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ తడుముకుంటూ, పోశవ్వ వస్తూ కనిపించింది. చేతిలో కర్ర లేదు. లస్మవ్వ దాన్ని అంత బాగా దాచింది మరి.

ఇక క్వార్టరు పోయినట్టే అనుకుంది లస్మవ్వ.

"అమ్మా, నేను పక్కింటి ముసల్దాన్ని" అంది పోశవ్వ.

లస్మవ్వ విన్నది నమ్మలేకపోయింది.

"మీ మాటలు ఇనబడ్డయ్. పొద్దంత నేను ఉత్తగనే కూసుంట. పిల్లిని నేను అర్సుకుంట. పాలు పోస్త. తాళమేసినా ఫికర్ లేదు, నా తాన్నే ఉంటది. ఈళ్లు మంచోళ్లమ్మా. పాపం, ఈళ్లకు ఎవ్వరు లేరు."

రమామణమ్మ ఆగింది. ముసలమ్మ చెయ్యి పట్టుకుని గడప మీద కూర్చోబెట్టింది. "మంచిదవ్వా. మరి నీకెవరున్నరు? కొడుకులు, బిడ్డలు?"

పోశవ్వ మసక కళ్లు ఇల్లంతా వెతికి, గోడవారన నిలబడ్డ మనిషి ఆకారం దగ్గర ఒక్క క్షణం ఆగాయి.

"లేరమ్మా. నేనొక్కదాన్నే."

బాయిలో నెత్తి మీద కప్పు పెళపెళమన్నా తట్ట వదలని మనిషి అని ఆగయ్యకు పేరు. ఆ మాటకు చేతిలో తువ్వాల జారిపోయింది. గోడకు ఒరిగి అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

లస్మవ్వ ఇక ఆగలేకపోయింది.

"అబద్ధం! అన్ని అబద్ధాలేనమ్మా!" అని అరిచింది. మూలకు ఉరికి, కొత్త సున్నం మీద మడమతో తన్నింది. మట్టి పెళ్లలు రాలి, తల పట్టేంత బొక్క బయటపడింది. "ఇగో ఎలుకలు! ఎలుకలు కాదు, పందికొక్కులు! కోళ్లు మల్లక్క ఇంట్ల ఉన్నయ్. మేక కొమురెల్లి దొడ్లె ఉంది. ఈమె పక్కింటిది కాదు. మా అత్త. ఆయిన్ను కన్నతల్లి. మీరు సూస్తరని నేనే దాసిన. రాసుకోండి సారూ, ఏం రాసుకుంటరో రాసుకోండి!"

ఆ అరుపు విని ఇరుగుపొరుగు ఆడవాళ్లు వాకిట్లో గుమిగూడారు. రమామణమ్మ లస్మవ్వ వైపు చూడలేదు, తన పెనిమిటి వైపు తిరిగింది. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"మీకు భయపడి తల్లిని దాసిన్రా?"

"నేను నిన్ననే చార్జి అప్పజెప్పిన" అన్నాడు వామనరావు ఎవరి వైపూ చూడకుండా. "నా తాన ఇప్పుడు పుస్తకమే లేదు. ఉత్త గంప మోసేటందుకు వచ్చిన." ఆ గంప తీసుకెళ్లి పోశవ్వ కాళ్ల దగ్గర పెట్టి, నాలుగడుగులు వెనక్కు వేసి ఎండలో నిలబడ్డాడు.

రమామణమ్మ మూత విప్పింది. తెల్లపిల్లిని తీసి ముసలమ్మ ఒడిలో పెట్టింది. అది ముందు బెదిరింది, తర్వాత కట్టు కట్టిన కాలిని వాసన చూసి, చీర కుచ్చిళ్లలో ముడుచుకుంది.

"అవ్వా, ఇది నీ ఇల్లే గద. మరి కొడుకు లేడని ఎందుకు జెప్పినవ్?"

పోశవ్వ పిల్లి వీపు నిమురుతూ, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు చెప్పింది.

"కోడలు జెప్పింది గదమ్మా, ఎవ్వరు లేరని. నలుగురిల దాని మాట పోవద్దని."

లస్మవ్వ అక్కడే కూలబడి ముసలమ్మ మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. మధ్యలో పిల్లి నలిగి కయ్యిమన్నా లేవలేదు.

పందికొక్కులు ఆ ఇంటి వైపు మళ్లీ రాలేదు. పోశవ్వ నడుం వాల్చి పడుకుంది, పిల్లికి ఊరి ముచ్చట్లన్నీ చెప్పింది. ఇంకో ఏడాదిన్నర బతికింది. చలికాలం చివర ఒకనాడు పిల్లి ఎంత అరిచినా లేవలేదు.

ముసలమ్మ పోయిన నెలకే, డెబ్బై ఒకటిలో, జనాభా లెక్కలు వచ్చాయి. ఒక బడిపంతులు కాగితాలు పట్టుకుని వచ్చి వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు. నులక మంచం మీద తెల్లపిల్లి ఎండ కాగుతున్నది.

"ఇంట్ల ఎవరెవరుంటరమ్మా?"

"మా అత్త. పోశవ్వ" అంది లస్మవ్వ.

"ముందు ఇంటి పెద్ద పేరు చెప్పాలె."

"ఆమెనే పెద్ద. రాసుకోండి."

పంతులు రాశాడు. వయసు అడిగాడు, డెబ్బై అని చెప్పింది. ఆమెను ఒకసారి పిలవమన్నాడు.

"పోయిన నెల కాలం జేసింది సారూ."

పంతులు కలం ఆగిపోయింది. ఆమె మతి సరిగా ఉందో లేదోనని తలెత్తి చూశాడు. "పోయినోళ్లను రాయొద్దమ్మా."

"రాయొద్దంటె కొట్టెయ్యండి. కని అడిగినోళ్లకు మొదలు ఆమె పేరే చెప్త. ఒకపారి చెప్పలే."

పంతులు ఆ పేరు మీద అడ్డంగా గీత గీసి, తర్వాతి పేరు అడిగాడు.