చెయ్యంత ముక్కలో చీరంతా

ఉమాశంకర్ సారుకు ఏదైనా చిటికెడు చూపిస్తే చాలు, మొత్తం చూసేసినట్టే. మదనపల్లెలో మా ఎదురింట్లో అద్దెకుంటాడు, కాలేజీలో లెక్కలు చెప్తాడు, సొంతూరు కుప్పం. సినిమాకు పోతే హీరో వచ్చీరాకముందే లేచి వచ్చేస్తాడు. "మిగతాదంతా దాంట్లోనే ఉండాది కదమ్మా!" అంటాడు. పెళ్లి భోజనంలో ఒక్క ముద్ద తిని చెయ్యి కడిగేస్తాడు.

ఏ సంగతైనా తేల్చుకోకుంటే నాకు నిద్ర పట్టదు, తేల్చుకున్నది వీధంతా చెప్పకుంటే అన్నం సయించదు. "ఇదేం జబ్బు సారూ?" అని అడిగేస్తి.

"జబ్బు కాదమ్మా, సిద్ధాంతం! మా లెక్కల్లో హోలోమార్ఫిక్ ఫంక్షన్లని ఉంటాయి, గీతల మాదిరి అనుకో. మహా నునుపు, యాడా మడత ఉండదు. అట్లాంటివి రెండు ఇంత ముక్కలో కలిసినాయంటే చివరిదాకా ఒకటే. వేరే దారి లేదు."

అట్లుండగా మా పక్కింటి ఆదిలక్ష్మి బీరువాలో ఎలకలు పడినాయి. కూతురు సుష్మ పెళ్లిలో తాను కట్టుకోవాలని దాచుకున్న చీర, చనిపోయిన తన అమ్మది, చెయ్యంత ముక్క తప్ప అంతా కొరికేసినాయి. ఆమె అన్నం మానేసి కూర్చునింది.

సారు ఆ ముక్కను తిప్పి తిప్పి చూసినాడు. "ఏడవొద్దమ్మా. దీన్నుంచి ఒక్కటే చీర వస్తుంది. రెండోది రావడానికే లేదు!" అని నీరుగట్టువారిపల్లెలో మగ్గం నేసే మల్లప్పకు ఇచ్చొచ్చినాడు.

చీర వచ్చింది. ఆదిలక్ష్మి కళ్లకద్దుకుని, "అచ్చం మా అమ్మదే సారూ!" అనింది. సారు మీసం దువ్వుకున్నాడు.

నాకు ఉండబట్టలేదు. వాళ్లమ్మ చీర కొంగు ఆకుపచ్చ, నేను కళ్లారా చూసినదాన్ని. దీనికేమో వంకాయ రంగు కొంగు! ఆటో ఎక్కి మల్లప్ప దగ్గరికే పోయినా.

"ఆ ముక్కలో కొంగు యాడుండాదమ్మా? 'నీకు నచ్చిన రంగు ఎయ్యప్పా, ఆయమ్మకు మాత్రం చెప్పొద్దు' అని సారే అన్నాడు."

వచ్చి సారును నిలదీస్తి. ఆయన వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు. "చీర హోలోమార్ఫిక్ కాదమ్మా. కొంగు దగ్గర మారిపోతుంది, నాకు తెలీదా? వేరే దారి లేదంటేనే ఆయమ్మ మనసు కుదుటపడుతుందని అట్లన్నా. చెప్పనని ఒట్టెయ్యి."

ఒట్టు! నాతో!

పెళ్లి రోజు ఆదిలక్ష్మికి కుచ్చిళ్లు సర్దుతాంటే, ఆమె నా చెవిలో గుసగుసగా అనింది. "అక్కా, మా అమ్మ కొంగు ఆకుపచ్చది. సారుకు చెప్పొద్దు. లెక్క తప్పిందని కుమిలిపోతాడు, పాపం."

ఇంకో ఒట్టు. అటు సారు, ఇటు ఆదిలక్ష్మి, ఒకరినొకరు చూసుకుని ఒకటే నవ్వులు. నడుమ నేను, నోరు మూసుకుని. మా వీధిలో ఎవరికి చెప్పినా నమ్మరు.