నా పళ్లెం మీద ఎర్ర చుక్క

ఒక శుక్రవారం పొద్దున తలస్నానం చేసి పుస్తెలతాడుకు పసుపు రాసుకుంటుంటే మెడ కుడి పక్కన వేలికి ఏదో తగిలింది. శనగ గింజంత గడ్డ. నొక్కితే అటూ ఇటూ జరిగింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను.

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇంటి సరుకుల చీటీ తప్ప ఇంకేదీ రాసిన అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. కానీ ఇది రాయకుండా ఉండలేను.

మాది తార్నాకలో పాత గల్లీ. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో పోపు వేస్తే నాలుగిళ్ల వాళ్లు తుమ్ముతారు. మా ఆయన యూనివర్సిటీలో తోటపని చేసి రిటైర్ అయ్యాడు. కొడుకు శ్రీను, కోడలు స్వప్న మాతోనే ఉంటారు. ఇద్దరూ పనికి పోతారు. మనవరాలు చిన్నికి నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచి దాన్ని నేనే చూసుకున్నాను. అన్నం నా చేతి ముద్దలే తినేది. వాళ్ల అమ్మ పెట్టినా మూతి తిప్పుకునేది.

పొద్దున్నే మా గల్లీ ఆడవాళ్లం క్యాంపస్‌లో నడవడానికి పోతాం. ఆ రోజుల్లో నేను బాగా సన్నబడ్డాను. జాకెట్లు వదులయ్యాయి. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చగా అయ్యేది, ఎండలో తిరిగినందుకేమో అనుకునేదాన్ని. నాతో నడిచేవాళ్లు మాత్రం నన్ను చూసి మెచ్చుకునేవాళ్లు. మా పక్కింటి మార్తమ్మ టీచర్‌ది కోస్తా వైపు. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైర్ అయింది. ఆమె ఒక రోజు ఆగి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మేమూ మీతోపాటే నడుస్తున్నాం కదండీ బాలమణిగారూ, మాకెందుకు తగ్గట్లేదు? ఏం తింటున్నారో చెప్పరేం?"

నేను సంబరపడ్డాను. మర్నాటి నుంచి ఇంకో రౌండ్ ఎక్కువ నడిచాను. రోగం నన్ను లోపల తింటుంటే మేమంతా దాన్ని వాకింగ్ గొప్పతనం అనుకున్నాం.

గడ్డ చింతగింజంత అయింది. దాని పక్కన ఇంకోటి వచ్చింది. గల్లీ చివర క్లినిక్ డాక్టర్ యాంటీబయాటిక్స్ రాశాడు. కోర్సు అయిపోయినా గడ్డలు కదల్లేదు. థైరాయిడ్ టెస్టు చేయించాడు. నార్మల్ వచ్చింది. ఇక పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ నా మెడ రెండు పక్కలా తడిమి, "ఎఫ్ఎన్ఏసీ చేద్దాం అమ్మా" అంది. గడ్డలోకి సూది పెట్టి కొంచెం తీసి ల్యాబ్‌కు పంపుతారు. చెస్ట్ ఎక్స్‌రే తీశారు, తెమడ టెస్టు చేశారు.

రిపోర్టు రోజు శ్రీను నాతో వచ్చాడు. డాక్టరమ్మ కాగితం చూసి తల ఎత్తింది.

"అమ్మా, ఇది క్యాన్సర్ కాదు. లింఫ్ నోడ్ టీబీ. మెడ గడ్డల్లోనే ఉంది. ఎక్స్‌రే క్లియర్, తెమడలో ఏం లేదు. కాబట్టి నీ నుంచి ఎవరికీ అంటదు. ఆరు నెలలు మందులు ఆపకుండా వేసుకుంటే తగ్గిపోతది. ఇంట్లో వాళ్లను కూడా ఒకసారి తీసుకురా, చెక్ చేద్దాం."

నా చెవికి క్యాన్సర్ కాదు అన్న మాట పట్టింది. శ్రీను చెవికి టీబీ అన్న మాట పట్టింది. మిగతావి ఇద్దరికీ సరిగా ఎక్కలేదు. ఇంట్లో వాళ్లను తీసుకురమ్మన్న మాట మేం బయటికి వచ్చేసరికే మర్చిపోయాం. బండి స్టార్ట్ చేస్తూ వాడు నా వైపు చూడకుండానే అన్నాడు.

"అమ్మా, గల్లీల ఎవ్వలకు చెప్పకు. అడిగితే థైరాయిడ్ అను."

సరే అన్నాను. థైరాయిడ్ అంటే మా గల్లీలో మర్యాద గల రోగం. ఇంటికి ఒకరికి ఉంది. ఎవరూ జంకరు.

మర్నాడు అన్నం తినడానికి కూర్చుంటే స్వప్న నా పళ్లెం వేరేగా తెచ్చి పెట్టింది. పళ్లెం అంచు మీద ఎర్ర చుక్క. గ్లాసు మీద కూడా ఎర్ర చుక్క. స్వప్న గోళ్లకు వేసుకునే రంగే. గిదేంది అని అడిగాను.

"గుర్తు కోసం అత్తమ్మా. కలవకుండ ఉంటయని." అది నా ముఖం చూడలేదు. "చిన్ని ఉన్నది గదా."

డాక్టరమ్మ అంటుకోదని చెప్పింది అన్నాను. శ్రీను కూడా అవునన్నాడు గానీ వాడి గొంతులో బలం లేదు. డాక్టర్లు అట్లనే అంటారు, మనం జాగ్రత్తల ఉంటే తప్పేంది అంది స్వప్న. నేను ఆ పళ్లెంలోనే తిన్నాను. నా ఇంట్లో, నేను వండిన కూర, చుక్క పెట్టిన పళ్లెంలో.

ఆ వారంలోనే చిన్నిని మల్కాజ్‌గిరిలో వాళ్ల అమ్మమ్మ ఇంట్లో వదిలింది. ఆదివారం మాత్రం తెచ్చేది. అది వచ్చి అరుగు మీద తాత ఒళ్లో కూర్చుని, ఆయన చేతిలోంచి బిస్కెట్లు తినేది. నా దగ్గరికి రాబోతే స్వప్న ఆపేది. నానమ్మకు మెడ నొప్పి, ముట్టుకోవద్దు అనేది. చిన్ని దూరం నుంచే చెయ్యి ఊపేది. నేనూ ఊపేదాన్ని. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేదు.

మందులు మొదలయ్యాయి. సర్కారు సెంటర్‌లో ఊరికే ఇస్తారు. పరగడుపున వేసుకోవాలి. వేసుకున్న గంటకు కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులో వచ్చేసరికి రక్తం అనుకుని గుండె ఆగినంత పనైంది. మందు రంగే అమ్మా, భయం లేదు అని సెంటర్ నర్సమ్మ చెప్పింది. మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది అన్నాను. ఆమె నవ్వింది, నేను నవ్వలేదు.

ఒక రోజు హెల్త్ వర్కర్ మా గేటు ముందు నిలబడి, టీబీ గోళీలు సక్కగ ఏసుకుంటున్నరా అమ్మా అని గల్లీ అంతా వినేటట్టు అడిగింది. ఆమె పని ఆమె చేసింది. మా థైరాయిడ్ మాత్రం అక్కడితో అయిపోయింది.

మార్తమ్మ టీచరుకూ నాకూ ఎన్నో ఏళ్లుగా గిన్నెల రాకపోకలు. ఆమె చేపల పులుసు పంపితే ఆ గిన్నెలో నేను ఏదో ఒకటి పెట్టి పంపేదాన్ని. ఖాళీ గిన్నె ఇచ్చే అలవాటు ఇద్దరికీ లేదు. ఆ వారం పులుసు వచ్చింది, కానీ హోటల్ పార్సెల్ ఇచ్చే ప్లాస్టిక్ డబ్బాలో వచ్చింది. తిన్నాక పడేయమని చెప్పి పంపింది.

ఆ డబ్బా చూస్తే నాకు కోపం వచ్చింది. ఇంట్లో పళ్లెం వేరు చేస్తే ఊరుకున్నాను, మనవరాలిని దూరం పెడితే ఊరుకున్నాను. ఇక ఊరుకోదలచుకోలేదు. డబ్బా కడిగాను. సర్వపిండి చేసి, ముక్కలు చేసి అందులో పెట్టుకుని వాళ్లింటికి పోయాను.

"టీచరమ్మా, నాకు థైరాయిడ్ లేదు. టీబీ. మెడ గడ్డలల్ల ఉన్నది. ఊపిరితిత్తులల్ల లేదు, ఎవ్వలకు అంటదు. ఇది నా చేతితోటి చేసిన. తింటే తిను, లేకుంటే పారెయ్. కని నాకు పారేసే డబ్బాల పంపకు."

ఆమె నెమ్మదిగా అంది. "మా అమ్మ దీంతోనే పోయిందండి. నాకు పదేళ్లప్పుడు. పేరు వింటేనే ఒళ్లు చల్లబడిపోద్ది."

డబ్బా తీసుకుని బల్ల మీద పెట్టింది. తిన్నదో లేదో నాకు తెలియదు. నేను చూడటానికి ఆగలేదు. కొన్నాళ్లకు వాళ్లింటి నుంచి పులుసు మళ్లీ స్టీలు గిన్నెలో వచ్చింది. మేం దాని గురించి మాట్లాడుకోలేదు.

మందులు పడుతున్నాయి, జ్వరం పోయింది, ఆకలి వచ్చింది అనుకుంటుండగా గడ్డ పెద్దదై ఎర్రబడింది. ఒక మధ్యాహ్నం పగిలి చీము కారింది. మందులు పనిచేయడం లేదని ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. ఆపేసి ఆయుర్వేదానికి పోదామన్నాడు మా ఆయన, దగ్గుకుంటూ. డాక్టరమ్మ డ్రెస్సింగ్ చేసి గట్టిగా చెప్పింది. మందులు పనిచేస్తున్నప్పుడే ఒక్కోసారి ఇలా అవుతుందట. ఆపితే మాత్రం మొండి టీబీ అవుతుందట. నేను ఆపలేదు. మెడకు కొంగు కప్పుకొమ్మని ఇంట్లో చెప్పారు. కప్పుకుంటే పుండుకు ఉక్కపోస్తుంది. కప్పుకోలేదు. తెల్ల పట్టీ కనబడేటట్టే క్యాంపస్‌కు నడకకు పోయాను. చూసేవాళ్లు చూశారు. అడిగినవాళ్లకు టీబీ అని చెప్పాను. ఇద్దరు ముగ్గురు వేరే దారిలో నడవడం మొదలుపెట్టారు. అక్కడ దారులకు కొదవ లేదు, నడవనీ అనుకున్నాను.

ఆ ఆదివారం చిన్ని వచ్చి నా మెడ పట్టీ చూసి ఏడ్చింది. నా దగ్గరికి పరుగెత్తబోతే స్వప్న రెక్క పట్టి లాగింది. అప్పుడు నేను స్వప్నతో తగువు పడలేదు. ఒక్కటే చెప్పాను.

"నా మాట నమ్మకు. నీ మొగని మాట నమ్మకు. రేపు లీవు పెట్టి నాతోటి దవాఖానకు రా. నీకున్న భయమంత ఆ డాక్టరమ్మను నువ్వే అడుగు. ఆమె వద్దంటే ఈ పిల్లను నేను జన్మల ముట్టుకోను."

మా ఆయన్ను కూడా రమ్మన్నాను. మర్నాడు ముగ్గురం పోయాం. స్వప్న ఏమీ దాచుకోకుండా అడిగింది. ఒకే పళ్లెంలో తినొచ్చా, ముద్దు పెట్టుకోవచ్చా, పక్కన పడుకోవచ్చా అని అన్నీ అడిగింది. డాక్టరమ్మ విసుక్కోలేదు. మెడ గడ్డల టీబీ అంటుకోదని, ఏ టీబీ అయినా పళ్లేలతో రాదని, ఊపిరితిత్తుల్లో ఉన్నవాళ్లు దగ్గితే గాలిలో వస్తుందని చెప్పింది. అంతలో మా ఆయన దగ్గాడు. డాక్టరమ్మ రాయడం ఆపింది.

"ఈ దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

"గది బీడీ దగ్గు మేడం," అంది స్వప్న. "మామయ్యకు ఎప్పుడు ఉంటది."

ఎప్పుడూ అంటే ఎన్నాళ్లని మళ్లీ అడిగింది. మా ఇంట్లో ఆ దగ్గు ఫ్యాన్ చప్పుడు లాంటిది. ఎప్పుడు మారిందో, ఎప్పుడు ఎక్కువైందో ఎవరికీ తెలియదు. తెమడ పరీక్ష చేశారు. సీబీనాట్ అంటారు. పాజిటివ్. ఊపిరితిత్తుల్లోనే ఉంది. నాకు ఆయన నుంచే వచ్చి ఉండొచ్చని చెప్పారు.

స్వప్న దవాఖాన బెంచీ మీద కూలబడి ఏడ్చింది. "చిన్నిని మామయ్య ఒళ్లె కూసోబెట్టి, మీ ప్లేటుకు చుక్క పెట్టిన అత్తమ్మా."

"పెట్టినవు. ఇప్పుడు ఏడ్సుడు బంద్ చెయ్. ఎక్స్‌రే లైన్ పెద్దగైతది, పా."

ఓదార్చే ఓపిక అప్పుడు నాకు లేదు. చెయ్యి పట్టి లేపాను, అంతే. ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేయించాం. దేవుడి దయ, చిన్నికి జబ్బు లేదు. అయినా రాకుండా ఉండటానికి మందు ఇచ్చారు.

రిపోర్టు వచ్చిన రోజు సాయంత్రం మా ఆయన తనంతట తానే ఎర్ర చుక్క పళ్లెం తీసుకుని, ముందు గది మూలకు పోయి కూర్చున్నాడు. ఇగ గిది నాదే గదా అన్నాడు. నేను పోయి ఆ పళ్లెం గుంజుకున్నాను.

"నాకు పెడితే తిన్న. నీకు పెట్టనియ్య. డాక్టరమ్మ మాస్కు పెట్టుకోమన్నది, పెట్టుకో. కిటికీలు తెరవమన్నది, తెరుస్త. కొన్ని రోజులు వేరే రూంల పండుమన్నది, పండు. బీడీ ముట్టినవంటే మాత్రం నేను ఊకోను. ప్లేటు వేరు పెట్టుమని ఆమె చెప్పలే."

స్వప్న వచ్చి పళ్లెం నా చేతిలోంచి తీసుకుని, సింకు దగ్గర నిలబడి రంగు గోకింది. అది అంత తొందరగా పోలేదు.

ఆయన రోగం ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరమ్మ చెప్పేదాకా చిన్ని మల్కాజ్‌గిరిలోనే ఉంది. ఈసారి నాకు బాధ లేదు. అది ఉత్త భయం కాదు, డాక్టర్ చెప్పిన జాగ్రత్త. ఆ రోజుల్లో నేనే బస్సెక్కి మల్కాజ్‌గిరి పోయి దానికి అన్నం పెట్టి వచ్చేదాన్ని. మొదటి రోజు స్వప్న కూడా నాతో వచ్చింది, వియ్యపురాలు తలుపు దగ్గర అడ్డంగా ఆగిపోయింది. "అమ్మా, నేను డాక్టర్‌ను అడిగిన, జరుగు" అని వెనక నుంచి స్వప్నే అంది.

ఇప్పుడు నా మందులు అయిపోయాయి. ఆయనవీ అయిపోయాయి. మెడ మీద ముడత లాంటి మచ్చ మిగిలింది. దాన్ని దాచుకోను. చిన్ని స్కూలుకు పోతోంది. ఇంటికి రాగానే నా చేతి ముద్ద కోసం నోరు తెరుస్తుంది, పప్పులో కారం ఎక్కువైందని నన్నే తిడుతుంది. మా ఆయన దొంగచాటుగా బీడీ వెతుక్కుంటాడు, నేను పట్టుకుంటాను. ఆ యుద్ధం ఇంకా అయిపోలేదు.

మీకెవరికైనా ఈ రోగం వస్తే ఒక్క మాట వినండి. డాక్టర్ దగ్గరికి మీ మీద ప్రేమ ఉన్నవాళ్లను కాదు, మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడేవాళ్లను తీసుకుపోండి. వాళ్లనే అడగనివ్వండి. ఎంత కఠినమైన మాటైనా మీ ముందే అడగనివ్వండి. ఇంట్లో దగ్గేవాళ్లు ఉంటే వాళ్లనూ లాక్కుపోండి. రానంటే తిట్టి తీసుకుపోండి. తిట్టినందుకు ఎవరూ చచ్చిపోరు.